అరవై రెండు చింతగింజలు

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఇరవై ఆరేళ్లుగా బూర్గంపాడు హైస్కూల్లో పీఈటీగా ఉన్నాను. స్టాఫ్‌రూములో నాకూ ఒక కుర్చీ ఉంది గానీ, దాని మీద నాకంటే నా గొడుగే ఎక్కువ కూర్చుంది. చర్చిలో ప్రసంగం కాస్త సాగిందంటే లేచి వెనక్కి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడతాను. మా ఆవిడ భద్రాచలం ఆసుపత్రిలో నర్సు. "మీ కాళ్లల్ల ఏమన్న మోటరు పెట్టి పంపిండా దేవుడు?" అంటుంది. ఇది పుట్టుకతో వచ్చిన గుణం, దీనికి మందు లేదు. నేను చెప్పబోయే పదమూడు రోజుల తిరుగుడు మాత్రం వేరు. దాని మందు నా దగ్గరే ఉంది. మింగడానికి ధైర్యం చాలక తిరిగాను.

ఇదంతా కాగితం కబడ్డీ దగ్గర మొదలైంది. ఏటా టీవీలో పెద్ద కబడ్డీ పోటీలు మొదలయ్యే ముందు మేం నలుగురం కాగితం మీద జట్లు కట్టుకుంటాం. నేను, మా ఆవిడ, మా పాస్టరు గారు, బస్టాండు ఎదురుగా ఎరువుల కొట్టు నడిపే ఆయన. కొట్టాయన వాళ్లు తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి దమ్మపేటలో తోటలు కొన్నవాళ్లు. ఆయన గుడికి వెళ్తాడు, మేం చర్చికి వెళ్తాం, కబడ్డీ దగ్గర అందరం ఒకటే. నిజం జట్లలోని నిజం ఆటగాళ్లను ఒక్కొక్కరం ఏడుగురిని వేలం పాడి కొనుక్కుంటాం. వాళ్లు అక్కడ తెచ్చిన ప్రతి పాయింటూ ఇక్కడ మా లెక్కలో పడుతుంది. ఫోన్లో డబ్బులు పెట్టి ఆడే రకం కాదు మాది. పాస్టరు గారు కూర్చున్న చోట పైసల మాట ఎవరెత్తుతారు? మనిషికి వంద చింతగింజలు ఇస్తాం, పాట వాటితోనే. ఆఖరున నిలిచినవాడు క్రిస్మస్ ప్రేమవిందులో కాగులు తోమాలి. బిర్యానీ వండిన కాగులు, అడుగున అరచేతి మందం మసి. అందుకని ఎవరూ తేలిగ్గా ఆడరు.

ఇందులో నా పని ఒకటి ఎక్కువ. కొత్తగా జట్లలోకి వచ్చిన ఆటగాళ్ల గురించి ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి, పాట మొదలయ్యే ముందు ఒక్కొక్కరి మీద నా అంచనా చదివి వినిపించాలి. వాడికి ఎన్ని గింజలు పెట్టొచ్చో చెప్పాలి. జిల్లాలో ఎన్నో ఆటలకు అంపైరుగా గీత పక్కన నిలబడ్డవాణ్ణి కదా, నా మాటకు విలువ ఉండేది.

కొత్త రైడర్ని తూచడం అనుకున్నంత సులువు కాదు. పాతవాడికైతే వెనక నాలుగేళ్ల ఆట ఉంటుంది. కొత్తవాడికి ఏముంటుంది? ఊరి పోటీల్లో ఎవరో సెల్లుతో తీసిన వీడియో, వెనక డప్పుల మోత. కొట్టాయన అలాంటి వీడియో ఒకటి చూశాడంటే చాలు, పడిపోతాడు. నేను వేరే మూడు సంగతులు చూస్తాను. మొదటిది, వాడి ముందు ఎవరున్నారు? జట్టులో పేరున్న రైడర్లు ఇద్దరుంటే మూడోవాడికి ఎన్ని కూతలు దక్కుతాయి? ఎంత మొనగాడైనా బెంచీ మీద కూర్చుని పాయింటు తేలేడు. రెండోది, దక్కేవి ఎలాంటి కూతలు? వరసగా రెండు కూతలు ఉత్తవి పోతే మూడోది చావో రేవో. ఆ కూతలో వట్టి చేతులతో తిరిగొచ్చినవాడు అవుట్, పాయింటు అవతలి జట్టుకు. పెద్ద రైడర్లను కాపాడుకోవడానికి కోచ్‌లు ఆ చావో రేవో కూతలను తెచ్చి కొత్తపిల్లల నెత్తిన పెడతారు. అవతల ఏడుగురూ కాచుకుని ఉంటారు. మూడోది, పట్టుబడ్డాక వాడు ఏం చేస్తాడు? ఇది ఏ వీడియోలోనూ దొరకదు. తనవాడు దొరికిపోయినప్పటి ఆటను తీసి నలుగురికీ పంపేవాడు ఎవడుంటాడు?

ఆ ఏడాది కొత్తవాళ్ల జాబితాలో మా బడి పిల్లవాడు ఉన్నాడు. మా వంటమ్మ కొడుకు.

వంటమ్మ అంటే మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. వాగు అవతల అడవి అంచున వాళ్ల పల్లె. భర్త పోయాక కొడుకును పెద్దక్షరాల బైబిలు, బడి పొయ్యి, ఈ రెంటి మధ్యే పెంచింది. ఆమెను నేను అక్కా అంటాను. పిల్లలకు పెట్టేముందు రోజూ ఒక టీచరు రుచి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. నిలకడగా కూర్చోలేనివాణ్ణి కదా, వంటశాల దాకా నడిచే ఆ పని నేనే తీసుకున్నాను. రోజూ గరిటెడు పప్పు అరచేతిలో పోయించుకుని "బాగుంది అక్కా" అనేవాణ్ణి. ఉప్పు ఎక్కువైనా బాగుందనే, మాడినా బాగుందనే. నాలుగు మాటలు మంచిగా అంటే నా సొమ్మేం పోతుంది అనుకునేవాణ్ణి.

ఆమె కొడుకు ఆరో తరగతిలో నా దగ్గర కూత మొదలుపెట్టాడు. అడవి పిల్లవాడు, అడుగు పడితే చప్పుడు ఉండదు. మూలన ఉన్నవాణ్ణి ముట్టి వాడు వెనక్కి తిరిగాడంటే, ముట్టిన సంగతి వాడికీ అంపైరుకూ తప్ప మూడోవాడికి తెలిసేది కాదు. రాష్ట్రానికి ఆడాడు, ఇరవై ఒకటో ఏట పెద్ద జట్టు ఒకటి కొత్తవాడిగా తీసుకుంది. ఊరంతా పండగ చేసుకుంది. నేనైతే గ్రౌండు చుట్టూ బండి మీద ఎన్ని చుట్లు తిరిగానో నాకే గుర్తు లేదు.

అయినా పాటకు ముందు రోజు నోటుబుక్కు తెరిచినప్పుడు నేను అంపైరునే. చూసింది చూసినట్టు రాశాను. "కాళ్లు చాలా మంచివి. ముందు ఇద్దరు పెద్ద రైడర్లున్నారు, కూతలు దొరకవు. దొరికినవి చావో రేవో. ఒకసారి పట్టుబడితే తర్వాతి రెండు కూతలు లోపలికి పోడు, అంచున తిరిగి వచ్చేస్తాడు. ఎనిమిది గింజలు." ఆ ఆఖరి సంగతి నేను వాడి పదో తరగతిలోనే కనిపెట్టాను. కల్లూరులో ఫైనల్ ఆట, మడమ దొరకబుచ్చుకుని వాణ్ణి కిందేశారు. ఆ తర్వాత రెండు కూతల్లో ఎవర్నీ ముట్టకుండా గీత తొక్కి వెనక్కొచ్చాడు. ఆట పోయింది. బయటికొస్తుంటే వీపు తట్టి "బాగ ఆడినవ్ రా" అన్నాను.

మా పాట ఎలా జరుగుతుందో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తాం. ఎవరి పంటలో, పెంపకంలో మొదటిది వాళ్లు తెస్తారు. గుమ్మడికాయ, కుంచెడు వడ్లు, అరటిగెల, కోడి. వాటిని వేలం వేస్తారు, వచ్చింది చర్చి పనికి. అక్కడ వస్తువు ధర ఎవరూ చూడరు. తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు, వాడి మొహం చూసి పాడతారు. వంటమ్మ ఏటా ఒక కోడిని తెచ్చేది. బక్కపలచటి నాటుకోడి. దాన్ని సంతలో ధరకు మూడింతల దాకా లాగి, పాడుకున్నవాడు ఆ కోడిని మళ్లీ ఆమె చేతికే ఇచ్చేవాడు. ఎక్కువసార్లు ఆ పాడుకున్నవాణ్ణి నేనే. మాకు వేలం అంటే అలాగే అలవాటు. కాగితం కబడ్డీ పాటకు గింజలు కూడా ఆమె వంటశాల నుంచే వచ్చేవి, పిల్లల చారుకు చింతపండు ఒలిచినప్పుడు తీసినవి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క రేకుల షెడ్డులో కూర్చున్నాం. నేను నిలబడ్డాను. ఎవరు పిలిచారో, గింజల సంచితో వచ్చిన వంటమ్మను కూడా కూర్చోబెట్టారు. కొడుకు పేరు జాబితాలో ఉందని ఎవరో చెప్పారట. గుమ్మం దగ్గర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చర్చిలో కూర్చున్నంత ఒద్దికగా కూర్చుంది.

"మాస్టారూ, మన కుర్రోడి సంగతి చెప్పండి. దానికోసమే కాచుక్కూర్చున్నామండీ" అన్నాడు కొట్టాయన.

నోటుబుక్కు తెరిచాను. ఎనిమిది. తలెత్తాను. ఎదురుగా ఆమె. ఆ మొహం ముందు ఎనిమిది అనలేకపోయాను. పేజీ వైపు చూస్తూ, పేజీలో లేనిదంతా చదివాను. "కొత్తగ వచ్చినోళ్లల్ల గిసొంటోడు లేడు. కోచ్ వీణ్ణి బయట కూసోబెట్టలేడు. పట్టుబడితే ఇంక పట్టుదలగ పోతడు. ఎన్ని గింజలు పెట్టినా తక్కువే" అన్నాను. పట్టుదలగా పోతాడట! రాసి ఉన్నదానికి సరిగ్గా తలకిందులు. నోరు ఎంత హాయిగా పలికిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పాట మొదలైంది. పది, ఇరవై, నలభై. కోత పండుగ ఊపు వచ్చేసింది. పాస్టరు గారు నలభై ఐదు దగ్గర నవ్వి తప్పుకున్నారు. కొట్టాయన అరవై ఒకటి అన్నాడు. నేను అరవై రెండు అన్నాను. వందలో అరవై రెండు ఒక్క మనిషికి, అదీ బెంచీ మీద కూర్చోబోయేవాడికి! పాస్టరు గారు మూడుసార్లు పిలిచి పాట కొట్టేశారు, అందరూ చప్పట్లు. మా ఆవిడ ఒక్కసారి కూడా పాడలేదు. తన గింజలు ఐదైదు చొప్పున కుప్పలు పెట్టుకుంటూ కూర్చుంది.

వంటమ్మ వెళ్తూ నా దగ్గర ఆగింది. "నిజమేనా సారూ?" అంది.

"వాని సంగతి నాకు ఎర్కలేదా అక్కా?" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదు. ఆమె జవాబనుకుంది.

దారిలో మా ఆవిడ అడిగింది. "పొద్దుగాల నోటుబుక్కుల చూసిన, ఎనిమిదని ఉండె. అరవై రెండెట్లయింది?"

"తల్లి కూసున్నది గద. ఆట గింజలే గద" అన్నాను.

"మీకు ఆట. ఆమెకు ఎర్కనా అది ఆటని?" అంది. నేను బండి వేగం పెంచాను.

సోమవారం పప్పు రుచి చూడ్డానికి వెళ్లాను. గరిటె అందిస్తూ వంటమ్మ చెప్పింది. కొడుక్కి ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిందట. కాగితం పోయిన వారమే వచ్చింది. ఇవాళ్టి నుంచి పదిహేను రోజుల్లో చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతివాడికి పోతుంది. అటు చేరితే ఈ ఆట వదులుకోవాలి. పిల్లవాడు ఎటూ తేల్చుకోలేక "నువ్వే చెప్పవే అమ్మా" అన్నాడట. వారం రోజులుగా ఆమె కూడా తేల్చుకోలేదు.

"నిన్న నువ్వు గట్ల చెప్పినవ్ గద సారూ. ఇంకేం ఆలోచించేదున్నది? రాత్రే ఫోన్ చేసి చెప్పిన. నౌకరీ వద్దు బిడ్డా, ఆడుకో అన్న" అంది. ఆమె మొహంలో బరువు దిగిన వెలుగు.

అరచేతిలో పప్పు కాలుతోంది. "బాగుంది అక్కా" అన్నాను. సంతకం పెట్టి బయటికొచ్చాను. ఏం తిన్నానో నాకు తెలియలేదు.

అప్పుడే, ఆ నిమిషమే చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు మైదానంలో గీతలు వానకు చెరిగాయని మళ్లీ సున్నం పోయించాను. ఆ మర్నాడు చెరగని గీతల మీద కూడా పోయించాను. పనిమాలా గోదావరి దాటి భద్రాచలం వెళ్లి విజిల్ కొన్నాను, ఇంట్లో నాలుగు ఉండగా. తిరిగొస్తూ వంతెన మీద బండి ఆపి ఎర్రటి వరదనీళ్లు చూస్తూ నిలబడ్డాను. వెనక లారీలవాళ్లు తిడితే కదిలాను. చర్చిలో మొదటి పాటకే లేచి వెనక్కి పోయాను. వంటమ్మ వెనక వరసలో ఉంది, నేను ఆనుకునే గోడ ఆమె వెనకే. అక్కడి నుంచి కూడా బయటికొచ్చాను. రుచి చూసే పని లెక్కల టీచరుకు అప్పగించి, పంటి నొప్పి అని చెప్పాను. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆవిడ ఒకటే మాట అంది. "తిరిగితే అరుగది. పోయి చెప్పుండ్రి."

మధ్యలో పోటీలు మొదలయ్యాయి. మొదటి రెండు ఆటల్లో మావాడు బెంచీ చివర నీళ్ల సీసా పట్టుకుని కనబడ్డాడు. కెమెరా అటు తిరిగినప్పుడల్లా వాడు కూర్చున్న తీరు చూస్తే ఎవరో ఆటలోకి రావద్దన్న పిల్లాడిలా ఉన్నాడు. నా కాగితంలో వాడి పేరు ఎదురుగా సున్నా, సున్నా. మూడో ఆటలో దింపారు. నేను టీవీకి అడుగు దూరంలో నిలబడ్డాను. చావో రేవో కూత. ఎడమ మూలకు పోయాడు, ఆ కాళ్లు చూసి నా గుండె పొంగింది. మడమ పట్టేశారు. కాసేపటికి మళ్లీ లోపలికొచ్చాడు, మళ్లీ చావో రేవో. ఈసారి అంచునే అటూ ఇటూ తిరిగి, గీత తొక్కి, వట్టి చేతులతో వచ్చేశాడు. కోచ్ తువ్వాలు విసిరేసి అటు తిరిగాడు. నా నోటుబుక్కులో రాసిన వాక్యం తెర మీద అక్షరం పొల్లుపోకుండా ఆడింది. ఒక అంపైరుగా నా అంచనా నిజమైనందుకు లోపలెక్కడో చిన్న గర్వం కూడా కలిగింది. దాన్ని గుర్తుపట్టాక మాత్రం నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

పదమూడో రోజు మధ్యాహ్నం, పిల్లల భోజనాలయ్యాక వంటశాలకు వెళ్లాను. ఆమె ఒక్కతే చింతపండు ఒలుస్తోంది. గింజలు ఒక పక్క, ఈనెలు ఒక పక్క. పన్నెండు రోజులుగా కట్టుకున్న మాటలన్నీ గుమ్మంలోనే జారిపోయాయి. నోటుబుక్కు తెరిచి ఆమె చేతికిచ్చాను.

చేతులు కొంగుకు తుడుచుకుని, వెలుతురుకు పట్టుకుని, బైబిలు చదివినట్టే వేలు పెట్టి చదివింది. ఆఖరి మాట దగ్గర వేలు ఆగింది. "ఎనిమిది" అంది. "ఇది ఎప్పుడు రాసినవ్ సారూ?"

"పాట ముంగట్రోజు."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"నా కోడిని ఏటా మూడింతలకు పాడి మళ్ల నాకే ఇస్తవ్. అది గంత చెయ్యదని నాకు ఎర్కలేదా? దేవుని పని, నీ మంచితనం, అనుకుంట. ఉప్పెక్కువైన నాడు గూడ బాగుందంటవ్. పిల్లలు పారబోస్తే ఎర్కైతది నాకు. అది గూడ సరే" అంది. "నా కొడుకుని గూడ గట్లనే పాడుతవనుకోలే సారూ."

గోడ పక్కనున్న పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. తప్పయింది అక్కా అన్నాను. ఆమె ఫోన్ తీసి కొడుక్కి కలిపింది. వాళ్ల ఇంటి భాషలో నాలుగు మాటలు మాట్లాడింది, నాకు అర్థం కాలేదు. మధ్యలో ఎనిమిది అన్నది ఒక్కటే తెలుగులో వినబడింది. ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు."

అవతల ప్రాక్టీసు హాలు చప్పుళ్లు, బూట్ల కిర్రుకిర్రు. ఉన్నదంతా చెప్పాను. షెడ్డులో ఏం చదివానో, నోటుబుక్కులో ఏముందో.

"ఎనిమిదెట్ల వచ్చినయ్ సార్?" అన్నాడు. కోపం లేదు, లెక్క అడిగినట్టు అడిగాడు.

లెక్క చెప్పాను. ముందున్న ఇద్దరి సంగతి. చావో రేవో కూతల సంగతి. తర్వాత మూడోది. "పట్టుబడ్డంక రెండు కూతలు నువ్వు లోపలికి పోవురా. భయం గాదు, అలవాటు. నీకే తెల్వకుంట వస్తది."

"కోచ్ గూడ మొన్న అదే అన్నడు" అన్నాడు. "మీకు ఎప్పట్నించి ఎర్క సార్ ఇది?"

అబద్ధం అప్పటికీ నాలుక చివరనే ఉంది. పళ్ల బిగువున ఆపాను. "నీ పదో తరగతి నించి. కల్లూరు ఫైనల్ల చూసిన."

"ఆ రోజు బాగ ఆడినవ్ రా అన్నరు గద సార్" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. "అప్పుడే చెప్తే ఆరేండ్లు ఉండె నాకు, దిద్దుకునేటందుకు."

ఆ రోజు వాణ్ణి నొప్పించకూడదని కాదు, వాడు నొచ్చుకున్న మొహం నేను చూడలేకనే అలా అన్నాను. ఆరేళ్లు ఒక పిల్లవాడి దగ్గర దొంగిలించి దానికి మంచితనం అని పేరు పెట్టుకున్నాను.

రమ్మని గానీ ఉండమని గానీ నేను చెప్పలేదు. వాడే తేల్చుకున్నాడు. జట్టువాళ్లు పెద్దగా పట్టుబట్టలేదు, బెంచీ మీదివాడే కదా. ఆఖరి రోజు ఆఖరి గంటలో వెళ్లి ఉద్యోగంలో చేరాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నా కాళ్లు కూడా కాస్త నెమ్మదించాయి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. వాడు వదిలొచ్చిన మూడు వారాలకు ఆ జట్టు పెద్ద రైడర్లలో ఒకడి భుజం జారింది. మిగిలిన పోటీలకు పనికిరాడన్నారు. మావాడి స్థానంలోకి తీసుకున్న కొత్తపిల్లాడికి కూతలన్నీ దక్కాయి. వాడు మావాడి కంటే గొప్పవాడేం కాదు, కాళ్లు అంత మంచివి కూడా కావు. అయినా ఆడాడు. ఆట ఆటకీ రాటుదేలి, చివరికి ఆ జట్టుకు వాడే దిక్కయ్యాడు. కొట్టాయన వాణ్ణి పోటీల మధ్యలో, తన దగ్గర మిగిలిన రెండు గింజలకు తీసుకున్నాడు. ఒకరోజు షెడ్డులో ఆ సంగతి ఉత్సాహంగా చెప్పబోయి, నా మొహం చూసి ఎరువుల ధరల మీదికి మాట మార్చాడు. గింజలు లెక్కపెట్టినంత తేలిక కాదు భుజాలు ఎప్పుడు జారతాయో చెప్పడం. ఎనిమిది నిజమైన లెక్కే. నిజమైన లెక్క కూడా తప్పొచ్చు. అబద్ధం చెప్పినందుకు తిరిగిన కాళ్లు, నిజం చెప్పినందుకు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి.

వంటమ్మ ఆ విషయం ఎత్తలేదు. ఆమెకు తెలియక కాదు, ఊళ్లో అందరూ అదే మాట్లాడుకున్నారు. నేను మళ్లీ రుచి చూడ్డానికి వెళ్తున్నాను. ఒకరోజు చారు నోట్లో పోసుకుని "పులుపెక్కువైంది అక్కా" అన్నాను. గరిటె పట్టుకుని నన్ను ఒక్క క్షణం చూసింది. "అవ్" అని, చెంబెడు నీళ్లు పోసి మళ్లీ మరగబెట్టింది. ఆ రోజు పిల్లలు పది నిమిషాలు ఆలస్యంగా తిన్నారు, హెడ్మాస్టరు నన్ను కేకలేశాడు.

కాగితం కబడ్డీలో నేను ఆఖరున నిలిచానని వేరే చెప్పక్కర్లేదు. మా ఆవిడ గెలిచింది. ప్రేమవిందు రోజు కాగులు నేనే తోమాను, నడుం పట్టేసింది.

పిల్లవాడికి పోస్టింగు దగ్గర్లోనే, వాగు అవతలి అడవిలో పడింది. చేరిన నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే స్కూలు మైదానానికి వచ్చాడు. ఖాకీ ప్యాంటు మడిచి, బూట్లు విప్పి గీత పక్కన పెట్టాడు. "పట్టుకోండి సార్" అన్నాడు. నాకు అర్థమైంది. మడమ పట్టి కిందేశాను. యాభై దాటిన ఒళ్లు, నా మోకాలు కూడా చీరుకుపోయింది. లేచాడు, దుమ్ము దులపకుండానే మళ్లీ కూతకొచ్చాడు. అంచుకొచ్చి ఆగాడు. కాలు లోపలికి పోలేదు. మళ్లీ పట్టాను. మళ్లీ వచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు మాకు ఇదే పని. ఎందుకురా, ఇంక ఏ జట్టు కోసం అని నేను అడగలేదు.

పోయిన ఆదివారం మూడోసారి పట్టినప్పుడు, కింద పడి ఉండగానే ఆకాశం వైపు చూస్తూ అడిగాడు.

"సార్. ఆయన భుజం జారినప్పుడు నేను ఆ జట్టులనే ఉండుంటే? ఆ పిలగాడు ఆడినట్టు ఆడేటోణ్ణా?"

నా నోటికి జవాబు ఎంత గబుక్కున వచ్చిందో! నువ్వుంటే వాడికి రెండింతలు పాయింట్లు తెచ్చేవాడివిరా. ఇరవై ఆరేళ్ల అలవాటు, పెదాల దాకా వచ్చేసింది. రెండో జవాబు కూడా సిద్ధంగానే ఉంది, నువ్వు తేలేకపోయేవాడివి, పోనీలే, ఉద్యోగమే మేలు అని. అదీ ఓదార్పే. రెంటినీ మింగేశాను.

"నాకు ఎర్కలేదురా" అన్నాను.

వాడు తల తిప్పి నా మొహం చూశాడు. అబద్ధమేమో అని వెతికాడు. దొరకలేదనుకుంటాను. లేచి కూర్చుని, చీరుకుపోయిన మోచేతి మీద ఉమ్మి రాసుకున్నాడు.

"సరే సార్. ఇంకోసారి పట్టండి" అని గీత అవతలికి నడిచాడు.

చర్చి గంట మొదటిసారి కొట్టారు. నేను వంగి, చేతులు చాచి, వాడి మడమల వైపు చూస్తూ కదలకుండా నిలబడ్డాను.